‘బాగానే ఉన్నాను’ అన్న మాట వెనక: పెద్దవాళ్ళ ఒంటరితనాన్ని గుర్తుపట్టడం ఎలా?

ఆదివారం సాయంత్రం ఫోన్ వస్తుంది. ‘ఎలా ఉన్నావమ్మా?’ ‘నాకేం, బాగానే ఉన్నాను.’ ‘తిన్నావా?’ ‘ఆఁ, తిన్నాను.’ ‘మందులు వేసుకుంటున్నావా?’ ‘వేసుకుంటున్నాను. పిల్లలేం చేస్తున్నారు?’ నాలుగు నిమిషాల్లో మాటలు అయిపోతాయి. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. అన్నం తిన్నమాట నిజం, బీపీ మాత్ర వేసుకున్నమాటా నిజం. కానీ ఆ రోజు పొద్దుట్నుంచి ఆమె నోరు విప్పి మాట్లాడింది ఆ ఫోన్‌లోనే అన్న సంగతి మాత్రం ఎక్కడా బయటపడదు. ఎవరూ అడగరు, ఆమె చెప్పదు.

ఒంటరితనం అన్న మాట పత్రికల్లో కనిపిస్తుంది గానీ డెబ్బై దాటిన మనిషి నోటి వెంట సాధారణంగా రాదు. పిల్లల్ని కని, పెంచి, పెళ్ళిళ్ళు చేసి, ఇప్పుడు ‘నాకు ఒంటరిగా ఉంది’ అంటే పిల్లల మీద ఫిర్యాదు చేసినట్టే అనిపిస్తుంది వాళ్ళకు. ఊళ్ళో నలుగురూ ‘కొడుకులుండి ఏం లాభం’ అంటారేమో అన్న భయం కూడా ఉంటుంది. అందుకే ఆ బాధ వేరే మాటల్లో వస్తుంది. ‘పొద్దు పోవడం లేదు.’ ‘ఏమీ తోచడం లేదు.’ ‘రాత్రి నిద్ర పట్టడం లేదు.’ ‘ఒళ్ళంతా లాగేస్తోంది.’ ‘మా కాలం అయిపోయిందిలే.’ ఇవన్నీ ముసలితనంలో మామూలే అనుకుని వినేవాళ్ళు వదిలేస్తారు. గుర్తుపట్టే అవకాశం అక్కడే చేజారుతుంది.

రెండు వేర్వేరు సంగతులు

మనుషుల రాకపోకలు తగ్గిపోవడాన్ని ఏకాకితనం అనుకుందాం. ఎవరెవరు వస్తున్నారు, ఎంతమందితో మాట్లాడుతున్నారు, అవసరానికి పిలిస్తే పలికేవాళ్ళు ఎందరు అన్నది లెక్కపెట్టవచ్చు. ఒంటరితనం లోపలి బాధ. తనకు కావలసినంత దగ్గరితనం దొరకడం లేదని మనిషికి అనిపించడం. దాన్ని బయటినుంచి లెక్కపెట్టలేం. ఈ రెండూ చాలాసార్లు కలిసే ఉంటాయి గానీ, కలిసే ఉండాలని లేదు. పొలం గట్టున ఒక్కడే ఉంటూ, రేడియో వింటూ, గేదెను చూసుకుంటూ తృప్తిగా బతికే రైతుకు రాకపోకలు తక్కువే, బాధ లేదు. ఇంటినిండా జనం ఉన్నా, భోజనాల బల్ల దగ్గర మాటలన్నీ తన తల మీదుగా సాగిపోతుంటే ముద్ద దిగని నాయనమ్మకు జనానికి కొదవ లేదు, బాధ మాత్రం ఉంది.

ఈ తేడా మన దగ్గర ఇంకా ముఖ్యం. 2017-18లో దేశమంతటా 45 ఏళ్ళు దాటిన 72 వేలమందికి పైగా మనుషుల దగ్గర సమాచారం సేకరించిన ‘లాసీ’ అనే వృద్ధాప్య సర్వే లెక్కల్లో, 60 దాటినవాళ్ళలో ఒక్కరే నివసిస్తున్నవాళ్ళు సుమారు 6 శాతమే. వాళ్ళలో ఆడవాళ్ళు ఎక్కువ. మిగతావాళ్ళందరి చుట్టూ ఎవరో ఒకరు ఉన్నారు. ఆ అంకె చూసి, మన పెద్దవాళ్ళకు ఒంటరితనం లేదు, అది అమెరికా జబ్బు అనుకుంటే పొరపాటే. ఇంట్లో ఎందరున్నారో సర్వే చెప్పగలదు. ఆ ఇంట్లో ఆయన్ని ఎవరు పలకరిస్తున్నారో చెప్పలేదు.

పరిశోధకులు ఈ రెంటినీ వేర్వేరుగానే కొలుస్తారు. ఏకాకితనానికి లుబెన్ అనే పరిశోధకుడి పేరుతో ఆరు ప్రశ్నల కొలబద్ద ఒకటి వాడుకలో ఉంది. మూడు ప్రశ్నలు చుట్టాల గురించి, అవే మూడు స్నేహితుల గురించి. నెలకు ఒక్కసారైనా ఎంతమంది కలుస్తారు లేదా మాట్లాడతారు, మనసులో మాట ఎంతమందితో చెప్పుకోగలరు, సాయం కావాలంటే ఎంతమందిని పిలవగలరు. మొత్తం 30 మార్కులకు 12 కన్నా తక్కువ వస్తే జాగ్రత్త పడాల్సిన మనిషి అని లెక్క. ఒంటరితనానికి కాలిఫోర్నియాలో తయారైన కొలబద్దను 2004లో మూడు ప్రశ్నలకు కుదించారు. తోడు లేదని ఎంత తరచుగా అనిపిస్తుంది? తనను పక్కన పెట్టేశారని ఎంత తరచుగా అనిపిస్తుంది? అందరికీ దూరంగా ఉండిపోయానని ఎంత తరచుగా అనిపిస్తుంది? ఈ మూడింట్లోనూ ‘ఒంటరితనం’ అన్న మాట లేదు. ఆ మాట సూటిగా వాడితే చాలామంది, ముఖ్యంగా మగవాళ్ళు, ఒప్పుకోరని ఈ రంగంలో పనిచేసేవాళ్ళకు బాగా తెలుసు.

ఇదంతా ఎందుకింత పట్టించుకోవాలి అంటే, దీనివల్ల ప్రాణానికే ముప్పుంది కాబట్టి. 2010లో 148 అధ్యయనాలను, 3 లక్షలకు పైగా మనుషుల వివరాలను కలిపి చూసినప్పుడు, మనుషులతో సంబంధాలు గట్టిగా ఉన్నవాళ్ళు ఆ అధ్యయనాలు సాగిన కాలంలో బతికి ఉండే అవకాశం మిగతావాళ్ళకన్నా 50 శాతం ఎక్కువగా కనిపించింది. డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు మీద ‘లాన్సెట్’ వైద్య పత్రిక కమిషన్ 2024లో ఇచ్చిన నివేదిక, ఆ జబ్బుకు దారితీసేవాటిలో మనం మార్చుకోగలిగిన 14 కారణాల్లో మలివయసు ఏకాకితనాన్ని ఒకటిగా చేర్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కమిషన్ 2025లో, ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని చెప్పింది.

ఏమేం ఆగిపోయాయి?

గుర్తుపట్టాలంటే ముందు చూడాల్సింది, ఈ ఏడాది రెండేళ్ళలో ఆ మనిషి జీవితంలో ఏమేం ఆగిపోయాయన్నది. ఒక మనిషి మొదట్నుంచీ గుడికి వెళ్ళే అలవాటు లేనివాడైతే ఇప్పుడు వెళ్ళకపోవడం సూచన కాదు. శనివారం తప్పకుండా వెళ్ళే మనిషి మానేస్తే అది సూచన. ఆవకాయ పెట్టే ఆమె ‘ఈ ఏడు ఎందుకులే, కొనుక్కుందాం’ అంటే, వాకిట్లో ముగ్గు రెండు గీతలకు తగ్గితే, పక్కింటికి కూరగిన్నె వెళ్ళడం, అక్కణ్ణుంచి ఇంకో గిన్నె రావడం ఆగిపోతే, రెండు రోజులకోసారి గడ్డం గీసుకునే పెద్దాయన వారం గడ్డంతో కనిపిస్తే, పేపరు మాన్పించేస్తే, ప్రతిదాని వెనకా ఒక కారణం ఉంటుంది.

ఆ కారణం చాలాసార్లు ఒక చావు. ఇద్దరు రిటైర్డ్ మాస్టార్లు పదేళ్ళుగా తెల్లవారుజామున కలిసి నడిచేవారు అనుకుందాం. నడక అయ్యాక టీ కొట్టు బల్ల మీద కూర్చుని పేపరు పంచుకునేవారు. ఒకాయన పోయాడు. రెండో ఆయనకు పోయింది స్నేహితుడొక్కడే కాదు. కుక్కలకు భయపడి ఒక్కడే నడవడం మానేశాడు. నడక లేదు కాబట్టి టీ కొట్టు లేదు. టీ కొట్టు లేదు కాబట్టి అక్కడికి వచ్చే మరో నలుగురూ లేరు. ఇంట్లోవాళ్ళు మాత్రం ‘మోకాళ్ళ నొప్పుల వల్ల వాకింగ్ మానేశారు’ అంటారు, ఆయన చెప్పింది అదే కాబట్టి.

భార్య పోయిన మగవాళ్ళ సంగతి ఇంకోరకం. మన ఇళ్ళలో చుట్టరికాలన్నీ చాలావరకు ఆడవాళ్ళ చేతుల మీదుగానే నడుస్తాయి. మరదలికి ఫోన్ చేసేది, ఆడపడుచు మనవడి పుట్టినరోజు గుర్తుపెట్టుకునేది, ఎదురింటావిడ ఆసుపత్రిలో ఉంటే క్యారియర్ పంపేది ఆవిడే. ఆవిడ పోయాక దినకార్యాల వరకూ ఇల్లు కిటకిటలాడుతుంది. మూడో నెల వచ్చేసరికి ఫోన్లు ఆగిపోతాయి. యాభై ఏళ్ళుగా ఆ ఫోన్లన్నీ తన ఇంటికే వచ్చేవి గానీ తనకోసం వచ్చేవి కావని అప్పుడు తెలుస్తుంది ఆయనకు. తనంతట తను ఫోన్ చేసి కష్టసుఖాలు మాట్లాడే అలవాటు లేక, చేయలేడు.

భర్త పోయిన ఆడవాళ్ళను సమాజమే పక్కకు నెట్టేస్తుంది. పేరంటానికి పిలుపు రాదు. పెళ్ళిలో తలంబ్రాల దగ్గరికి, సీమంతంలో గాజులు తొడిగే చోటికి తనంతట తనే దూరంగా జరిగి గోడవార కుర్చీలో కూర్చుంటుంది. రెండు మూడుసార్లు అలా కూర్చున్నాక ‘నేనెందుకులే, మీరు వెళ్ళి రండి’ అంటుంది. అప్పుడు ఇంట్లోవాళ్ళు ఆమెకు ఓపిక లేదనుకుంటారు. ఆమెను ఇంట్లో కూర్చోబెట్టింది ఆ ఆచారం. కావలసినవాళ్ళు చేయిపట్టి ముందు వరుసలోకి తీసుకువెళ్ళి, ఆమె చేత అక్షింతలు వేయిస్తే ఆ ఆచారం అక్కడికక్కడే ఒక ఇంట్లో ఆగుతుంది. అలా చేస్తున్న ఇళ్ళు ఉన్నాయి. అది ఎంత పెద్ద పనో అక్కడ ఆమె ముఖం చూసినవాళ్ళకు తెలుస్తుంది.

ఫంక్షన్లకు రాకపోవడానికి ఇంకో కారణం డబ్బు. చదివింపులు. పెళ్ళికి వెళ్తే ఐదొందలైనా చదివించాలి. ఆటో ఖర్చు వేరే. పింఛనుతో గడిపే మనిషికి మాఘమాసంలో వచ్చే నాలుగు శుభలేఖలు అంటే నెల బడ్జెట్ తలకిందులే. కొడుకుని అడగలేక ‘ఎండగా ఉంది, ప్రయాణం పడదు’ అంటారు. మూత్రం ఆపుకోలేని సమస్య ఉంటే బస్సు ఎక్కడమంటేనే భయం. ఇది ఎవరితోనూ చెప్పుకోరు, ఆఖరికి డాక్టర్‌తో కూడా. మందులతో, చిన్నపాటి వ్యాయామాలతో చాలావరకు తగ్గే సమస్య ఇది. దానికోసం ఏడేళ్ళుగా ఊరు దాటని పెద్దావిడలు ఉండటం బాధాకరం.

చెవి సంగతి విడిగా చెప్పుకోవాలి. వినికిడి తగ్గుతున్న మనిషి మొదట మళ్ళీ మళ్ళీ అడుగుతారు. ‘ఎన్నిసార్లు చెప్పాలి’ అన్న విసుగు ఎదురయ్యాక అడగడం మానేస్తారు. అందరూ నవ్వితే తనూ నవ్వుతారు, ఎందుకో తెలియకపోయినా. నలుగురు కూర్చున్న చోట మాటలు కలగాపులగంగా వినిపిస్తాయి కాబట్టి లేచి గదిలోకి వెళ్ళిపోతారు. టీవీ సౌండ్ పెంచుతారు, దానికి మళ్ళీ మాట పడాలి. ఇంట్లో ‘ఈ మధ్య నాన్న ఎవరితోనూ కలవడం లేదు’ అన్న మాట వచ్చిందంటే, మనసు సంగతి చూసేముందు చెవి పరీక్ష చేయించడం మంచిది. కంటి శుక్లం కూడా అంతే. ఎదురుగా వస్తున్నది ఎవరో తెలియక పలకరించడం మానేసిన మనిషికి ఊళ్ళో ‘గర్వం’ అన్న పేరు వస్తుంది.

వంటిల్లు చెప్పే కబురు

ఊరెళ్ళినప్పుడు హాల్లో కూర్చుని అడిగేదానికన్నా వంటింట్లో ఐదు నిమిషాలు నిలబడితే ఎక్కువ తెలుస్తుంది. పిల్లలు వస్తున్నారని తెలిస్తే పెద్దవాళ్ళు నాలుగు రకాలు వండుతారు, అది లెక్కలోకి రాదు. చెప్పకుండా వెళ్ళిన రోజున చూడాలి. పొయ్యి మీద రెండు పూటలకూ కలిపి వండిన చిన్న గిన్నెడు అన్నం. నిన్నటి చారు. ఫ్రిజ్‌లో పుల్లబడిన పెరుగు. కూరగాయల డబ్బాలో వడిలిపోయిన రెండు బెండకాయలు. పచ్చడి సీసా మాత్రం సగానికి పైగా ఖాళీ. బిస్కెట్ పాకెట్ మంచం పక్కన. ‘ఒక్కదాన్ని, నాకోసం ఏం వండుకుంటానురా’ అన్న మాట మన ఇళ్ళలో ఒంటరితనానికి అన్నిటికన్నా నమ్మదగిన గుర్తు.

ఆ తిండి ప్రభావం ఒంటి మీద కనిపిస్తుంది. పప్పు, గుడ్డు, పాలు తగ్గితే కండ కరుగుతుంది. గాజులు మోచేతి దాకా జారతాయి, జాకెట్టు వదులవుతుంది, కట్టుడు పళ్ళు కదులుతాయి. కండ తగ్గితే నడక తూలుతుంది, పడతామన్న భయంతో గడప దాటరు. షుగర్ మాత్ర వేసుకుని అన్నం మానేస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోయి కళ్ళు తిరుగుతాయి. మాత్రల పట్టీలు కూడా చూడాలి. నెల కిందట కొన్న పట్టీలో ఇంకా ఇరవై మాత్రలుంటే మతిమరుపు కావచ్చు, డబ్బులకు చూసుకోవడం కావచ్చు, ‘వేసుకుని మాత్రం ఏం చేయాలి’ అన్న విరక్తి కావచ్చు. ఈ మూడింటికీ మందు ఒకటి కాదు.

ఊళ్ళోని ఆర్‌ఎంపీ దగ్గరికి వారానికి రెండుసార్లు వెళ్ళే పెద్దవాళ్ళను చూసి నవ్వుకోవడం తేలిక. బీపీ చూపించుకోవడం, ఒక ఇంజెక్షన్, పది నిమిషాల కబుర్లు. ఆ బీపీ పట్టీ చుట్టేటప్పుడు ఇంకో మనిషి చేయి తన చేతికి తగులుతుంది. కొందరికి వారం మొత్తంలో అది ఒక్కటే స్పర్శ. ఒంటరిగా ఉన్న మనిషికి నొప్పి నిజంగానే ఎక్కువగా తెలుస్తుంది, నిద్ర ముక్కలు ముక్కలుగా పడుతుంది. ‘ఊరికే నటిస్తున్నారు’ అనడం అన్యాయం.

రాత్రి నిద్ర సంగతికి ఒక వివరణ ఉంది. ఒంటరితనం మీద చాలా ఏళ్ళు పనిచేసిన షికాగో శాస్త్రవేత్త జాన్ కాసియోపో, దాన్ని ఆకలిలాంటి సంకేతం అన్నాడు. ఒంటికి తిండి కావాలని ఆకలి చెప్పినట్టు, మనిషికి మనుషులు కావాలని ఒంటరితనం చెబుతుంది. తోడు లేని జీవి ప్రమాదాన్ని కనిపెట్టుకుని ఉండాలి కాబట్టి శరీరం ఎప్పుడూ కాపలా కాస్తున్నట్టు ఉంటుంది. నిద్ర పలచబడుతుంది, టెన్షన్ తగ్గదు. అదే కాపలా మాటల్లోకీ వస్తుంది. కోడలు మామూలుగా అన్న మాటలో వెటకారం వినిపిస్తుంది. ఫోన్ ఎత్తకపోతే కావాలనే ఎత్తలేదనిపిస్తుంది. అనుమానం, సణుగుడు, పాత గొడవలు తవ్వడం మొదలవుతాయి. దాంతో ఇంట్లోవాళ్ళు ఇంకొంచెం దూరం జరుగుతారు. వాళ్ళు జరిగినకొద్దీ ఈయన అనుమానం నిజమవుతుంది. ‘ముసలాయనకు చాదస్తం పెరిగింది’ అని కొట్టిపారేసే సందర్భాల్లో ఈ సుడిగుండం ఎంత ఉందో ఒక్కసారి ఆగి చూడాలి. చాలా ఇళ్ళలో గొడవకు మూలం ఇదే, ఆస్తి కాదు.

నిండిన ఇంట్లో

కొడుకుల మధ్య వంతులు వేసుకున్న తల్లి సంగతి తెలియని ఊరు లేదు. పెద్దవాడి దగ్గర మూడు నెలలు, చిన్నవాడి దగ్గర మూడు నెలలు. ఎక్కడా ఆమెకంటూ ఒక గూడు ఉండదు, సంచి పూర్తిగా విప్పదు. ఒక వీధిలో నలుగురు పరిచయమయ్యేసరికి రెండో ఊరు. పట్నంలో అపార్ట్‌మెంట్ అయితే లిఫ్ట్ నొక్కడం భయం, కింద సెక్యూరిటీ భాష వేరు, తలుపులన్నీ మూసి ఉంటాయి. ఊళ్ళో అరుగు మీద కూర్చుంటే దారినపోయే ప్రతివాళ్ళూ పలకరిస్తారు, అందుకు ఆమె చేయాల్సింది ఏమీ లేదు. అపార్ట్‌మెంట్‌లో ఒక పలకరింపు కావాలంటే ప్రయత్నం చేయాలి.

అమెరికా వెళ్ళిన తల్లిదండ్రుల ఆరు నెలలు కూడా ఇలాంటివే. కూతురి కాన్పుకో, మనవడి కోసమో విజిటర్ వీసా మీద వెళ్తారు. వారాంతం సందడిగా ఉంటుంది, గుడి, పుట్టినరోజులు, దేశీ దుకాణం. సోమవారం ఎనిమిదింటికల్లా ఇల్లు ఖాళీ. కారు నడపడం రాకపోతే డాలస్ శివార్లలో కాలు కదపడానికి దారి లేదు. మనవడు ఇంగ్లీషులో చెప్పింది సగం అర్థంకాదు. ‘ఎంత పెద్ద ఇల్లో’ అని ఊళ్ళోవాళ్ళకు వాట్సాప్‌లో ఫొటోలు పంపుతారు, తిరుగు టికెట్ తేదీ మాత్రం క్యాలెండర్‌లో చూసుకుంటూ ఉంటారు. ఆ ఇళ్ళలో పిల్లలకు ప్రేమ లేదని కాదు. రోజంతా పెద్దవాళ్ళు ఏం చేస్తున్నారో వాళ్ళు చూడరు, ఆఫీసులో ఉంటారు కాబట్టి.

ఫోన్‌ని కూడా గమనించాలి. యూట్యూబ్‌లో భక్తి వీడియోలు చూడటంలో తప్పు లేదు. రాత్రి రెండింటికి ‘గుడ్ మార్నింగ్’ పూలు ఫార్వర్డ్ అయితే నిద్ర లేదని తెలుస్తుంది. ఎప్పుడూ పంపే మనిషి నాలుగు రోజులు పంపకపోతే ఫోన్ చేసి కనుక్కోవాలి. ముక్కూమొహం తెలియని నంబర్‌తో గంటలకొద్దీ మాట్లాడుతున్నా జాగ్రత్తపడాలి. ‘డిజిటల్ అరెస్ట్’ అంటూ పోలీసు డ్రెస్సులో వీడియో కాల్ చేసే మోసగాళ్ళు ముందుగా చెప్పే మాట ‘ఎవరికీ చెప్పొద్దు’ అని. చెప్పడానికి పక్కన ఎవరూ లేని మనిషి మీద ఆ మాట తేలిగ్గా పనిచేస్తుంది. డబ్బు పోయిందని తెలిసిన మరుక్షణం 1930కి ఫోన్ చేయాలి.

ఒంటరితనం అనుకుని పొరబడేవి

దూరంగా ఉంటున్న ప్రతి పెద్దమనిషిదీ ఒంటరితనం కాదు. రెండు వారాలకు పైగా ఏ పని మీదా ఆసక్తి లేకపోతే, దిగులు వదలకపోతే, తిండీ నిద్రా తప్పితే అది డిప్రెషన్ కావచ్చు. దానికి వైద్యం ఉంది. తేడా పట్టుకోవడానికి ఒక దారి, ఇష్టమైన మనిషి వచ్చినప్పుడు ఏమవుతుందో చూడటం. ఒంటరితనంతో ఉన్న మనిషి ముఖం ఆ గంటసేపైనా విప్పారుతుంది. డిప్రెషన్‌లో మనవరాలు వచ్చి ఒళ్ళో కూర్చున్నా మనసు కదలకపోవచ్చు. ఇది కొండగుర్తు మాత్రమే, తేల్చాల్సింది డాక్టరే. డిమెన్షియా మొదలవుతున్నవాళ్ళు కూడా మనుషుల్ని తప్పించుకుంటారు, పేర్లు గుర్తురాక పరువు పోతుందని. థైరాయిడ్ తగ్గినా, బీ12 తగ్గినా మనిషి మందగిస్తాడు. రక్తపరీక్షలో తెలిసిపోయేదానికి నెలల తరబడి ‘మనసు బాగోలేదు’ అనుకోకూడదు.

మొన్నటిదాకా బాగున్న మనిషి ఒకటి రెండు రోజుల్లోనే అయోమయంగా మాట్లాడినా, మత్తుగా పడుకున్నా అది ఆసుపత్రికి వెళ్ళాల్సిన సంగతి. మూత్రంలో ఇన్ఫెక్షన్, సోడియం పడిపోవడం లాంటివి పెద్దవాళ్ళలో అలాగే బయటపడతాయి.

‘ఆ దేవుడు ఎప్పుడు తీసుకెళ్తాడో’ అన్న మాట చాలామంది ఊతపదంలా అంటారు. అన్న ప్రతిసారీ కంగారు పడనక్కర్లేదు. కానీ అంతకుముందు అనని మనిషి కొత్తగా అంటున్నా, నగలూ పాస్‌బుక్కులూ పంచేస్తున్నా, మాత్రలు దాచిపెడుతున్నా, ‘మీకు భారం తప్పిస్తాను’ అన్నా పక్కన కూర్చుని సూటిగా అడగాలి, ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా?’ అని. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 ఎప్పుడైనా పలుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు.

ఎవరి కంట పడతారు?

పిల్లలు దూరంగా ఉన్నచోట పెద్దవాళ్ళను రోజూ చూసేది వేరేవాళ్ళు. పాలు పోసే అతను, మందుల షాపు కుర్రాడు, చీటీల ఆవిడ, గుడి పూజారి, ఆశా కార్యకర్త. ఆంధ్రప్రదేశ్‌లో నెల మొదట్లో సచివాలయ ఉద్యోగి ఇంటి గుమ్మంలోకి వచ్చి పింఛను ఇస్తారు. 2024 జులై నుంచి వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలు. వేలిముద్ర కోసం ఆ మనిషిని ఎదురుగా చూడక తప్పదు. నెలకోసారి ప్రతి పేద వృద్ధురాలి ముఖాన్నీ ప్రభుత్వ మనిషి ఒకరు చూస్తున్నారంటే అది మామూలు వసతి కాదు. ఆ రెండు నిమిషాల్లోనే ‘కిందటి నెలకూ ఈ నెలకూ మనిషి తగ్గిందా, ఇంట్లో పొయ్యి వెలిగిందా’ అని చూసి ఆశా కార్యకర్తకు ఒక మాట చెప్పే పద్ధతి పెట్టడానికి కొత్త పథకం అక్కర్లేదు. తెలంగాణ పల్లెల్లో పింఛను ఇచ్చే పోస్టాఫీసు వరండా కూడా అలాంటి చోటే. ఆ రోజు అక్కడ కూర్చున్నవాళ్ళు డబ్బు అందాక కూడా తొందరగా లేవరు.

ఆశా కార్యకర్తలు బీపీ, షుగర్ సర్వేలో నింపే ఫారంలో పెద్దవాళ్ళ నడక గురించి, మతిమరుపు గురించి, దిగులు గురించి ప్రశ్నలు ఇప్పటికే ఉన్నాయి. ‘నిన్న ఎవరితో మాట్లాడారు?’ అన్న ఒక్క ప్రశ్న చేరిస్తే చాలా తెలుస్తుంది.

ఇంట్లోవాళ్ళు అడగాల్సిందీ అలాంటిదే. ‘ఒంటరిగా ఉందా నాన్నా’ అంటే ‘అబ్బే’ అంటారు. ‘నిన్న సాయంత్రం ఎవరొచ్చారు?’ ‘మీ స్నేహితుడు ఆయన ఎలా ఉన్నారు, ఎప్పుడు కలిశారు?’ ‘అర్ధరాత్రి ఒంట్లో బాగోకపోతే ముందు ఎవరి తలుపు కొడతావు?’ చివరి ప్రశ్నకు జవాబు ఆలస్యమైతే దాన్నే జవాబుగా తీసుకోవాలి. అడిగాక ఆగాలి. పెద్దవాళ్ళు అసలు సంగతి ఫోన్ పెట్టేసే ముందు, ‘సరేలే, ఇంకేం లేదు’ అన్న తర్వాత చెబుతారు. నాలుగు నిమిషాల ఫోన్‌లో ఆ ‘తర్వాత’ ఉండదు.

గుర్తుపట్టాక చేయాల్సినవి పెద్ద పనులేమీ కావు. చెవికి మిషన్, కంటికి ఆపరేషన్, మోకాలికి ఊతకర్ర, చదివింపులకు అడగకుండానే ఓ రెండు వేలు చేతిలో పెట్టడం. సరదాకి నలుగురిలోకి తోసేస్తే కుదరదు. జనాన్ని చేర్చడంకన్నా, ‘నన్ను ఎవరూ కోరుకోవడం లేదు’ అన్న ఆలోచనను మార్చే ప్రయత్నాలే ఎక్కువ పనిచేస్తున్నాయని 2011లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూసినవాళ్ళు తేల్చారు. మన భాషలో చెప్పాలంటే, వాళ్ళతో పనిపడాలి. ఆవకాయ పాళ్ళు అడిగి రాసుకోవాలి, పొలం హద్దుల సంగతి అడగాలి, వీధిలో పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పమని మాస్టారిని బతిమాలాలి. ఎవరికీ ఏమీ తోచనప్పుడు 14567 ఉంది, కేంద్రం నడిపే వృద్ధుల హెల్ప్‌లైన్, ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా. 2017లో మొదట హైదరాబాద్‌లోనే మొదలై తర్వాత దేశమంతా పాకింది. పింఛను చిక్కులు, ఆస్తి రాయించుకుని వదిలేసిన కేసులే కాదు, మాట్లాడేవాళ్ళు లేరని ఫోన్ చేసినా వింటారు. పిల్లలు చూడకపోతే ఆర్డీవో దగ్గర దావా వేసే హక్కు తల్లిదండ్రుల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టం ఇచ్చింది, అది వేరే కథ, పెద్ద కథ.

మార్పు వచ్చిందా లేదా అన్నది కూడా మళ్ళీ అలాగే చూడాలి. ఓ రెండు నెలలు పోయాక చెప్పకుండా ఒక రోజు వెళ్ళాలి. వాకిట్లో ఇంకెవరివో చెప్పులున్నాయేమో, పొయ్యి మీద కూర ఒక మనిషికి సరిపడేదానికన్నా కాస్త ఎక్కువుందేమో, ఆదివారం ఫోన్ చేస్తే ‘ఉండు, ఎవరో వచ్చారు, మళ్ళీ చేస్తాను’ అని పెట్టేస్తున్నారేమో.